ఈసీజీ సిగ్నల్‌ని కాలం మీదే చదవడం ఎలా: ఎఫ్‌ఎఫ్‌టీ జోలికి పోకముందు చేయాల్సిన పని

ఇంట్లో ఎవరికైనా ఎప్పుడో తీసిన ఈసీజీ కాగితం ఉంటే ముందు దాన్ని బయటికి తీయండి. మా ఇంట్లో అయితే అది బట్టల షాపు కవర్లో మందుల చీటీల మధ్య నాలుగు మడతలు పడి ఉంటుంది, కర్నూలుకు చూపించుకోవడానికి పోయిన ప్రతిసారీ నాన్న ఆ కవరు చంకలో పెట్టుకునే బస్సెక్కుతారు. గులాబీ రంగు గళ్ల కాగితం. మీరు నేర్చుకోబోయే దాంట్లో సగం ఆ గళ్లలోనే ఉంది, కంప్యూటర్ తర్వాత.

మామూలుగా ఆ కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో నడుస్తుంది. అంటే అడ్డంగా ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లు, ఐదు చిన్న గళ్లు కలిసిన పెద్ద గడి 200 మిల్లీసెకన్లు. నిలువుగా 10 మిల్లీమీటర్లు ఒక మిల్లీవోల్టు. అన్నిటికన్నా ఎత్తుగా, ముల్లులా నిలబడేది ఆర్ పీక్. దాని ముందు చిన్న గుట్టలా వచ్చేది పీ, వెనక కాస్త వెడల్పుగా వచ్చేది టీ. రెండు ఆర్ పీక్‌ల మధ్య చిన్న గళ్లు లెక్కపెట్టి 1500ని ఆ సంఖ్యతో భాగించండి. 20 గళ్లు వస్తే గుండె నిమిషానికి 75 సార్లు కొట్టుకుంటోంది. మీరిప్పుడు చేసిందే టైమ్ డొమైన్ విశ్లేషణ, అంటే సిగ్నల్‌ని కాలం మీదే చదవడం. ఇక మిగిలిందంతా ఈ లెక్కనే కంప్యూటర్‌తో, వేల బీట్ల మీద, పొరపాటు లేకుండా చేయించడం.

నేనుండేది అనంతపురంలో. ఏటా ఫైనలియర్ పిల్లలు ప్రాజెక్టుల కోసం ఇంటికొస్తుంటారు. "అన్నా, ఎఫ్‌ఎఫ్‌టీ చేశా, మోడల్‌కిచ్చా, ఆక్యురసీ మాత్రం రావట్లేదు" అంటారు. ఒక పది సెకన్ల సిగ్నల్ గ్రాఫ్ వేసి చూపించు అంటే చాలామంది దగ్గర అది ఉండదు. అక్కడే కూర్చోబెట్టి గ్రాఫ్ వేయిస్తే, రికార్డులో పెద్ద ముక్క ఎలక్ట్రోడ్ ఊడిపోయి గీసిన పిచ్చిగీతలని తేలుతుంది. ఎఫ్‌ఎఫ్‌టీ మంచి పనిముట్టే, నేను కాదనను. కానీ అది ఆ మొత్తం ముక్కలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చెబుతుంది, ఏ క్షణంలో ఏం జరిగిందో చెప్పదు. గుండె విషయంలో మనకు కావాల్సింది ఆ క్షణమే.

డేటా ఎక్కడిది, దాన్నెలా తెరవాలి

మొదటిసారి సొంతంగా రికార్డు చేయొద్దు. ఫిజియోనెట్ అనే సైట్‌లో ఎంఐటీ-బీఐహెచ్ అరిథ్మియా (గుండె లయ తప్పడం) డేటాబేస్ ఉచితంగా దొరుకుతుంది. 47 మంది నుంచి తీసిన 48 రికార్డులు, ఒక్కోటి సుమారు అరగంట. ప్రతి బీట్‌నీ నిపుణులు చూసి గుర్తు పెట్టారు, కాబట్టి మన లెక్క సరా కాదా సరిచూసుకోవచ్చు. 100 నంబరు రికార్డుతో మొదలుపెట్టండి, శుభ్రంగా ఉంటుంది.

శాంపిలింగ్ రేటు, అంటే సెకనుకు ఎన్నిసార్లు సిగ్నల్‌ని కొలిచారో ఆ సంఖ్య, 360. ఈ సంఖ్య నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దగా రాసుకోండి. నేను నేర్చుకునే రోజుల్లో, అంతకుముందు వాడిన డేటా 250ది కావడంతో అదే సంఖ్య ప్రోగ్రామ్‌లో ఉండిపోయింది. 75 రావాల్సిన గుండె వేగం 52 వచ్చింది. రాత్రంతా ఫిల్టర్‌ని అనుమానించాను, థ్రెషోల్డ్‌ని అనుమానించాను, ఒకటే టెన్షన్. తెల్లారి 360ని 250తో భాగిస్తే 1.44, 75ని 1.44తో భాగిస్తే 52 అని తట్టింది. ప్రతి సమయమూ 1.44 రెట్లు సాగిపోయి కనిపించింది, అంతే. సిగ్నల్‌లో తప్పేమీ లేదు.

రెండో సంఖ్య గెయిన్. ఫైల్‌లో ఉండేవి మిల్లీవోల్టులు కావు, వోల్టేజీని అంకెలుగా మార్చే ఏడీసీ ఇచ్చిన అంకెలు. ఈ డేటాబేస్‌లో సున్నా స్థానం 1024, ఒక మిల్లీవోల్టుకు 200 అంకెలు. అంటే ప్రతి విలువలోంచి 1024 తీసేసి 200తో భాగించాలి. 1224 ఉంటే 1 మిల్లీవోల్టు. పైథాన్‌లో డబ్ల్యూఎఫ్‌డీబీ లైబ్రరీ ఈ పని తనే చేసిపెడుతుంది, కానీ ఒక్కసారైనా ఎక్సెల్‌లో చేత్తో చేయమని నా మాట. మొదటి పది సెకన్లు, అంటే 3600 వరుసలు. మొదటి గడిలో వరుస సంఖ్యని 360తో భాగిస్తే సెకన్లు, పక్క గడిలో మిల్లీవోల్టులు, ఆ రెంటికీ లైన్ గ్రాఫ్. ఇప్పుడు కాగితం మీద చూసిన ముల్లు స్క్రీన్ మీద కనబడుతుంది. పది సెకన్లలో ఎన్ని ముళ్లున్నాయో కళ్లతో లెక్కపెట్టి ఆరుతో గుణించి రాసిపెట్టుకోండి. తర్వాత మీ ప్రోగ్రామ్ ఏం చెప్పినా ఈ సంఖ్యకు దగ్గర్లో ఉండాలి.

సొంత రికార్డింగ్ చేయాలనుకునేవాళ్లకు ఏడీ8232 చిప్ ఉన్న చిన్న బోర్డు సరిపోతుంది. సెకనుకు 500 శాంపిల్స్ పెట్టుకోండి. ఒంటికి వైర్లు తగిలించి ఉన్నంతసేపూ ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి, బ్యాటరీ మీదే నడపాలి. ఇది ముందు ప్రాణభద్రత కోసం, సిగ్నల్ బాగుండటం రెండో సంగతి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మధ్యాహ్నం చెమటకి ఎలక్ట్రోడ్ జిగురు నిలవదు, చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరాకే అంటించండి, కూలర్ వైరుకీ మీ వైర్లకీ దూరం ఉంచండి. వచ్చిన గీతని చూసి నాకేదో జబ్బుందనో లేదనో మాత్రం తేల్చుకోవద్దు, ఛాతీలో నొప్పి, దడ ఉంటే డాక్టర్ దగ్గరికే పోవాలి.

శుభ్రం చేయడం

చెడగొట్టేవి ముఖ్యంగా రెండు. ఊపిరి తీసినప్పుడల్లా, మనిషి కదిలినప్పుడల్లా గీత మొత్తం మెల్లగా పైకీ కిందికీ ఊగుతుంది, దీన్ని బేస్‌లైన్ వాండర్ అంటారు. రెండోది కరెంటు గుయ్‌మనే 50 హెర్ట్జ్, గీత నిండా సన్నటి రంపపు పళ్లలా కనబడుతుంది.

ఊగుడు తీయడానికి నాకు బాగా నచ్చేది మీడియన్. ఒక శాంపిల్ చుట్టూ 200 మిల్లీసెకన్ల కిటికీ తీసుకోండి, 360 రేటులో అది 72, బేసి సంఖ్య కావాలి కాబట్టి 73. ఆ 73 విలువల్నీ చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి, సరిగ్గా మధ్యలోది తీసుకోండి. ఆర్ పీక్ ఎంత ఎత్తున్నా కిటికీలో సగం కన్నా తక్కువ చోటే తీసుకుంటుంది కాబట్టి మధ్య విలువ దాకా దాని ప్రభావం రాదు. సగటు తీసి ఉంటే ఆ ఎత్తు సగటుని పైకి లాగేసేది. వచ్చిన గీత మీద మళ్లీ 600 మిల్లీసెకన్ల కిటికీతో, అంటే 217 శాంపిల్స్‌తో, అదే పని చేస్తే టీ కూడా పోయి ఊగుడు ఒక్కటే మిగులుతుంది. దాన్ని అసలు సిగ్నల్‌లోంచి తీసేయండి. గీత నేల మీదికి దిగినట్టు సమంగా కూర్చుంటుంది. మొదటిసారి అది చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తే.

50 హెర్ట్జ్‌కి మూవింగ్ యావరేజ్ (కిటికీ జరుపుకుంటూ తీసే సగటు) చాలు, కిటికీ పొడవు తెలివిగా ఎంచుకుంటే. 50 హెర్ట్జ్ అల ఒక చుట్టు తిరగడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. సరిగ్గా 20 మిల్లీసెకన్ల సగటు తీస్తే ఆ అల పై సగం, కింది సగం కొట్టేసుకుని సున్నా అవుతుంది. మీ 500 రేటులో అది 10 శాంపిల్స్. ఎంఐటీ-బీఐహెచ్ అమెరికాలో తీసింది, అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, కాబట్టి 360ని 60తో భాగించి 6 శాంపిల్స్ తీసుకోవాలి. ఆ 360 అనే రేటు ఎంచుకోవడానికి కారణం కూడా 60 హెర్ట్జ్‌ని తీసేసే ఫిల్టర్లకు వీలుగా ఉండటమే.

కానీ కిటికీ పెంచుకుంటూ పోవద్దు. కళ్లంలో శనక్కాయలు తూర్పారబట్టేటప్పుడు గాలి మరీ ఎక్కువైతే పొట్టుతో పాటు చిన్న కాయలు కూడా ఎగిరిపోతాయి కదా, ఇదీ అంతే. క్యూఆర్‌ఎస్ (ఆర్ ముల్లూ, దానికి అటూ ఇటూ ఉండే చిన్న గుంటలూ కలిపి) మొత్తం వెడల్పే 80 నుంచి 100 మిల్లీసెకన్లు. 20 మిల్లీసెకన్ల సగటుకే ఆర్ ఎత్తు కొంత తగ్గుతుంది, 60 పెడితే గుర్తుపట్టలేం. ఎత్తులు కొలవాలంటే ఈ ఫిల్టర్ చేయని సిగ్నల్ మీద కొలవండి. ఇంకో సంగతి, ఒక వైపు నుంచే సగటు తీస్తే సిగ్నల్ ఆలస్యమవుతుంది. కిటికీలో 10 శాంపిల్స్ ఉంటే నాలుగున్నర శాంపిల్స్, 500 రేటులో 9 మిల్లీసెకన్లు. అన్ని బీట్లూ ఒకేలా జరుగుతాయి కాబట్టి బీట్ల మధ్య దూరం మారదు, కానీ వేరే సిగ్నల్‌తో పోల్చేటప్పుడు ఈ 9 మర్చిపోతే లెక్క తప్పుతుంది.

ఆర్ పీక్ పట్టుకోవడం

ఇక్కడ నిదానంగా చదవండి, మొత్తం పనికి ఇదే గుండెకాయ. ఎత్తు చూసి, ఒక గీత గీసి, దాని పైకి వచ్చిందల్లా ఆర్ అనేస్తే కొందరి ఈసీజీలో టీ కూడా అంతే ఎత్తుండి రెండేసి లెక్కపడుతుంది. ఎత్తు కాదు, వాలు చూడాలి. ఆర్ సుమారు 40 మిల్లీసెకన్లలో ఒక మిల్లీవోల్టు ఎక్కిందనుకోండి, వాలు సెకనుకు 25 మిల్లీవోల్టులు. టీ 100 మిల్లీసెకన్లలో 0.3 మిల్లీవోల్టులే ఎక్కితే వాలు 3. తేడా ఎనిమిది రెట్లు. రెంటినీ వర్గం చేయండి: 625, 9. తేడా ఇప్పుడు దాదాపు 70 రెట్లు. పైగా వర్గం చేస్తే మైనస్‌లు పోతాయి, ఎక్కే వాలు, దిగే వాలు రెండూ లెక్కలోకొస్తాయి.

జియాపు పాన్, విల్లిస్ టాంప్కిన్స్ 1985లో ప్రచురించిన పద్ధతి ఈ ఆలోచన మీదే నడుస్తుంది, ఇప్పటికీ మొదట నేర్పేది ఇదే. ముందు 5 నుంచి 15 హెర్ట్జ్ వరకు ఉంచే ఫిల్టర్. తర్వాత వాలు. పక్కపక్క రెండు శాంపిల్స్ తేడా తీస్తే నాయిజ్ పెరిగిపోతుంది కాబట్టి వాళ్లు ఐదు శాంపిల్స్ వాడారు: ఇప్పటి విలువకి రెండు రెట్లు, దాని వెనకది ఒక రెట్టు కలిపి, అందులోంచి మూడు శాంపిల్స్ వెనకది ఒక రెట్టు, నాలుగు శాంపిల్స్ వెనకది రెండు రెట్లు తీసేసి, 8తో భాగించాలి. తర్వాత వర్గం. ఆ పైన 150 మిల్లీసెకన్ల మూవింగ్ యావరేజ్, 360 రేటులో 54 శాంపిల్స్. అప్పుడు ప్రతి క్యూఆర్‌ఎస్ చోట ఒక నున్నటి దిబ్బ లేస్తుంది.

దిబ్బల్లో ఏది నిజమో తేల్చే థ్రెషోల్డ్ ఒకేచోట నిలిపి ఉంచొద్దు. మనిషి పక్కకి తిరిగితే ఎత్తులు మారిపోతాయి. నిజం దిబ్బల సగటు ఎత్తు ఒకటి, నాయిజ్ దిబ్బల సగటు ఎత్తు ఒకటి దగ్గర ఉంచుకోండి. కొత్త దిబ్బ వచ్చిన ప్రతిసారీ అది ఏ జాతిదైతే ఆ సగటుని ఎనిమిదింట ఏడు వంతులు పాతది, ఒక వంతు కొత్తది కలిపి మార్చండి. నాయిజ్ సగటుకి రెంటి తేడాలో నాలుగో వంతు కలిపితే థ్రెషోల్డ్. దీనికి మూడు కాపలాలు పెట్టాలి. ఒక బీట్ తర్వాత 200 మిల్లీసెకన్లలోపు గుండె మళ్లీ కొట్టుకోలేదు, ఆ లోపల వచ్చింది వదిలేయండి. 200 నుంచి 360 మిల్లీసెకన్ల మధ్యలో వస్తే, దాని వాలు ముందు బీట్ వాలులో సగం కన్నా తక్కువైతే అది టీ. సగటు దూరానికి 1.66 రెట్లు గడిచినా ఏ బీటూ రాకపోతే ఎక్కడో జారిపోయిందని అర్థం, సగం థ్రెషోల్డ్‌తో వెనక్కి పోయి వెతకండి.

ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు: దిబ్బ శిఖరాన్నే ఆర్ అనుకుంటారు. అది కాదు, అంత వెడల్పు కిటికీ వల్ల అది వెనక పడిపోయి ఉంటుంది. దిబ్బ లేచిన చోటు నుంచి శుభ్రం చేసిన సిగ్నల్‌లోకి తిరిగి వెళ్లి, ఆ చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తైన శాంపిల్ ఏదో చూసి, దాని సమయం రాసుకోవాలి.

బీట్ల మధ్య దూరాలు

ఐదు దూరాలు వచ్చాయనుకుందాం, సెకన్లలో: 0.80, 0.84, 0.78, 0.82, 0.86. సగటు 0.82, అంటే నిమిషానికి 73. ఎస్‌డీఎన్‌ఎన్ కోసం సగటు నుంచి తేడాలు మిల్లీసెకన్లలో రాయండి: మైనస్ 20, 20, మైనస్ 40, 0, 40. వర్గాల మొత్తం 4000, నాలుగుతో భాగిస్తే 1000, వర్గమూలం 31.6. ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ కోసం ఒక దూరానికీ తర్వాత దానికీ తేడాలు: 40, మైనస్ 60, 40, 40. వర్గాల మొత్తం 8400, నాలుగుతో భాగిస్తే 2100, వర్గమూలం 45.8 మిల్లీసెకన్లు. మొదటిది మొత్తం ఊగిసలాట, రెండోది బీటుకీ బీటుకీ మధ్య మార్పు.

ఇప్పుడు ఒకే ఒక్క బీట్ జారిపోయిందనుకోండి. 0.78, 0.82 కలిసిపోయి 1.60 అవుతుంది. మిగిలినవి 0.80, 0.84, 1.60, 0.86. మళ్లీ లెక్క వేస్తే ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ 613! 46 ఎక్కడ, 613 ఎక్కడ. ఒత్తిడి మీద, యోగా మీద చేసిన ప్రాజెక్టుల్లో పెద్ద పెద్ద అంకెలు చూసినప్పుడల్లా నేను ముందు అడిగేది ఇదే: జారిపోయిన బీట్లు వెతికారా? దూరాల గ్రాఫ్ వేయండి, అడ్డం బీట్ నంబరు, నిలువు దూరం. జారిన చోట ఒక ఒంటి స్తంభం లేస్తుంది, ఎక్కువ పట్టుకున్న చోట రెండు గుంటలు పడతాయి. వేళకి ముందే వచ్చే అసహజ బీట్లు కూడా ఈ లెక్కలో ఉండకూడదు. 100 రికార్డులోనే గుండె పై గది నుంచి ముందే వచ్చినవి 33, కింది గది నుంచి వచ్చింది 1 ఉన్నాయి. నా ఉదాహరణలో ఐదే దూరాలున్నాయి కానీ నిజం పనికి 5 నిమిషాల రికార్డు తీసుకోండి, 1996 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చిన్న రికార్డుకి పెట్టిన పొడవు అదే. వేర్వేరు పొడవుల రికార్డుల ఎస్‌డీఎన్‌ఎన్‌లని పక్కపక్కన పెట్టి పోల్చొద్దు, రికార్డు పొడవు పెరిగేకొద్దీ అది పెరుగుతుంది.

బీట్లని ఒకదాని మీద ఒకటి పేర్చడం

కసాపురం ఆంజనేయస్వామి గుళ్లో శనివారం రద్దీలో నిలబడితే ఎవరి మాటలు వాళ్లవి, ఏదీ తెలియదు. అందరూ ఒక్కసారి జై శ్రీరామ్ అంటే మాత్రం గుడి బయటికి వినిపిస్తుంది. ఒకే సమయంలో పలికింది కూడుకుంటుంది, ఎవరికి వాళ్లు మాట్లాడింది కలిసిపోయి చప్పుడుగా మిగులుతుంది. ప్రతి ఆర్ పీక్ ముందు 250, వెనక 400 మిల్లీసెకన్లు కోసి, ఆర్ మీద ఆర్ వచ్చేలా పేర్చి సగటు తీయండి. నాయిజ్ బీట్ల సంఖ్యకి వర్గమూలం చొప్పున తగ్గుతుంది, 16 బీట్లకి నాలుగో వంతు, 100 బీట్లకి పదో వంతు. అంతవరకూ కనబడని పీ చక్కగా గుట్టలా బయటపడుతుంది. మెదడు సిగ్నల్ ఈఈజీలో వెలుగుకో శబ్దానికో వచ్చే కొన్ని మైక్రోవోల్టుల జవాబుని పట్టుకునేది కూడా ఇలాగే, అక్కడ ఆర్ బదులు శబ్దం ఇచ్చిన క్షణాన్ని మొలగా వాడతారు.

ఇది పనిచేయాలంటే ప్రతిసారీ సిగ్నల్ ఒకే ఆకారంలో రావాలి, నాయిజ్‌కి దానితో సంబంధం ఉండకూడదు. వేరే ఆకారం బీట్ ఒకటి కలిసినా సగటు చెడుతుంది. అందుకే మొదట ఒక సగటు తీసి, ప్రతి బీట్‌కీ దానితో కోరిలేషన్ (ఆకారాలు ఎంత కలిశాయో చెప్పే సంఖ్య, పూర్తిగా కలిస్తే 1) చూసి, 0.9 కన్నా తక్కువ వచ్చినవి పక్కన పెట్టి మళ్లీ సగటు తీయండి. పక్కన పెట్టినవి పారేయొద్దు, వాటిని విడిగా గ్రాఫ్ వేసి చూడండి, ఆసక్తి కలిగించేవి చాలాసార్లు అవే.

కండరాల సిగ్నల్ ఈఎంజీకి ఈ పేర్చుడు కుదరదు, దానికి పదేపదే వచ్చే ఆకారం లేదు. నీళ్ల బిందె ఎత్తేటప్పుడు చేతి కండరం మీద తీసి చూడండి, వాన చినుకుల చప్పుడులా ఉంటుంది. మామూలు సగటు తీస్తే ప్లస్‌లు, మైనస్‌లు కలిసి సున్నా దగ్గరికొస్తుంది. కాబట్టి 100 నుంచి 200 మిల్లీసెకన్ల కిటికీలో ఆర్‌ఎంఎస్ (విలువల వర్గాల సగటుకి వర్గమూలం) తీయండి, బిందె లేచే క్షణంలో అది లేస్తుంది. రేటు సెకనుకు 1000 అయినా ఉండాలి. ఏడీ8232 బోర్డు గుండెకి తగినట్టు ఫిల్టర్ చేసి ఉంటుంది, దీనికి వాడొద్దు. కొన్ని ఈఎంజీ బోర్డులు ఎన్వలప్ (అలల పై అంచు గీత) మాత్రమే ఇస్తాయి, అసలు అలలు ఇవ్వవు, కొనే ముందు అడగండి.

సరిచూసుకోవడం

100 రికార్డులో నిపుణులు గుర్తించిన బీట్లు 2273. మీ ప్రోగ్రామ్ చెప్పిన ప్రతి ఆర్‌కీ 150 మిల్లీసెకన్లలోపు వాళ్ల గుర్తు ఉంటే దొరికినట్టు. 2265 దొరికి, బీట్ లేని చోట ఉందన్నవి 5 అయితే, సెన్సిటివిటీ, అంటే ఉన్నవాటిలో దొరికినవి, 2265ని 2273తో భాగించి 99.65 శాతం, మీరు ఉన్నాయన్న 2270లో నిజమైనవి 99.78 శాతం. రెండూ రాయండి, ఒక్కటే రాస్తే మోసపోతాం, ఎందుకంటే థ్రెషోల్డ్ కిందికి దించేస్తే మొదటిది ఎప్పుడూ పెరుగుతుంది. తర్వాత 105 తీసుకోండి, నాయిజ్ బాగా ఉంటుంది. ఆ తర్వాత 108, అందులో పీలు ఎత్తుగా, మొనదేలి ఉండి ఆర్ అని భ్రమ పెడతాయి. మీ శాతం అక్కడ పడిపోతుంది. పడిపోయిన ప్రతి చోటు సమయాన్నీ ప్రోగ్రామ్‌తో ఒక ఫైల్‌లో రాయించుకుని, ఒక్కోదాని చుట్టూ నాలుగు సెకన్ల గ్రాఫ్ వేసి, అసలు సిగ్నల్ పైన, వాలు మధ్యలో, దిబ్బలు కింద, మూడూ ఒకే పేజీలో ప్రింట్ తీయండి. అలాంటి పేజీలు ఓ ఇరవై ముందేసుకుని, పెన్సిల్‌తో ఆర్ ఎక్కడుందో ముందు మీరు గుర్తు పెట్టండి, ఆ తర్వాతే థ్రెషోల్డ్ ముట్టుకోండి.